మాయలేడి: కావ్యము నుండి చలనచిత్రమునకు

లోకమున లేని జంతువును కల్పించి నమ్మించుట కవికి ఒక విధమైన పని, చలనచిత్ర దర్శకునకు వేఱొక విధమైన పని. కవి రెండు మాటలలో నిలిపిన జంతువును దర్శకుడు గిట్టలతో, నీడతో, నడకతో సహా నిలుపవలసి యుండును. ఈ భేదమును పరిశీలించుటకు మన వాఙ్మయమున మాయలేడిని మించిన ఉదాహరణము కానరాదు. ఐరావతమును గాని శరభమును గాని పాఠకుడు నమ్మిన చాలును. మాయలేడిని కథలోని పాత్రలే నమ్మవలెను. అది నమ్మదగినదిగా లేనిచో సీత అవివేకిగా కనబడును. ఆమె వెనుకనే రాముడును అట్లే కనబడును. కాబట్టి ఇచ్చట జంతుకల్పనము అలంకారమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు, పాత్రౌచిత్యమునకు సంబంధించిన విషయము.

మధిర, ఖమ్మము ప్రాంతముల ప్రేక్షకునకు ఈ విషయమున ఒక ప్రత్యేకత కలదు. శ్రీరామనవమికి భద్రాచలము పోవు యాత్రికులలో పలువురు అచ్చటికి సుమారు 35 కిలోమీటర్ల దూరమున దుమ్ముగూడెము మండలములోని పర్ణశాలను గూడ దర్శించి వత్తురు. మాయలేడి తిరుగాడినది ఇచ్చటనే యని స్థలవిశ్వాసము. సీతవాగు ఒడ్డున రాళ్లపై నారచీరల గుర్తులను చూపుదురు. ఆ దారిలోనే పాల్వంచకు సమీపమున కిన్నెరసాని అభయారణ్యమున నిజమైన చుక్కల దుప్పులు ఉన్నవి. నిజమైన దుప్పి చెవి ఎట్లు నిక్కించునో, బెదరినప్పుడు తోక ఎట్లెత్తునో చూచినవాడు తెరమీది లేడిని సులభముగా నమ్మడు.

వాల్మీకి అరణ్యకాండమున ఈ కల్పనమును నిర్వహించిన తీరు మిక్కిలి గమనింపదగినది. మారీచుడు ధరించిన రూపమున కొమ్ముల కొనలు మణులవలె నున్నవి, గిట్టలు వైడూర్యములవలె నున్నవి, తోక ఇంద్రధనుస్సు వన్నె గలది, మేనిపై వందలకొలది వెండిచుక్కలు. (లేడి యను తెలుగుమాట వినగనే మనకు కొమ్ములు లేని లేతరూపము తోచును. మన చిత్రకారులు తఱచుగా ఆ రూపమునే గీయుటకు ఈ మాటయే కొంత కారణమని నా ఊహ.) ఇంతవరకు అద్భుతము. ఆ వెంటనే కవి ఆ మృగముచేత సామాన్య మృగము చేయు పనులన్నియు చేయించినాడు. అది చిగుళ్లు మేయును, అరటితోపులోనికి పోవును, ఆడును, నేలపై పండుకొనును, ఆశ్రమద్వారము వఱకు వచ్చి మఱల మందతో కలియును. శరీరము అసంభవము, ప్రవర్తనము సంభవము. నమ్మిక ప్రవర్తనమునుండియే పుట్టుచున్నది.

అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి. ఆ వనములోని ఇతర మృగములు దానిని చూచి దగ్గఱకు వచ్చి, వాసన చూచి, పది దిక్కులకు పరుగెత్తినవని వాల్మీకి చెప్పినాడు. మృగముల కన్ను మోసపోయినది గాని ముక్కు మోసపోలేదు. తరువాత లక్ష్మణుడు ఇట్టి రత్నమృగము లోకమున లేదనియు, ఇది మారీచుని మాయయే యనియు స్పష్టముగా పలికినాడు. కథకు అడ్డు రాదగిన ఈ సందేహములను కవి దాచలేదు. వానిని కథలోనే పలికించి, వానిని దాటి పోయినాడు. రాముడు సైతము, ఇది మారీచుడే యైనచో చంపదగినవాడే గదా యని సమాధానపడినాడు. ఇట్లు పాఠకుని మనసులో పుట్టబోవు శంక పాత్రల నోట ముందే వెలువడుటచే, పాఠకునకు శంకించు పని తప్పినది. కల్పిత జంతువునకు విశ్వసనీయతను చేకూర్చునది దాని చుట్టునున్నవారి వర్తనమే యని ఈ ఘట్టమునుండి గ్రహింపవచ్చును.

తోలుబొమ్మలాటలో ఈ చిక్కు లేదు. అచ్చట రాముడును తోలే, లేడియు తోలే. అన్నియు ఒకే రంగులతో, ఒకే రంధ్రములగుండ వచ్చు వెలుగుతో కనబడును. నిజమైన దానితో పోల్చుటకు తెరపై ఏమియు లేదు. చలనచిత్రమున సీత నిజమైన స్త్రీ, చెట్టు నిజమైన చెట్టు; వాని నడుమ లేడి యొక్కటియే మాయ. పైగా దర్శకునకు రెండు వైపులనుండి ఒత్తిడి కలదు. లేడి మిక్కిలి సహజమైనచో లక్ష్మణుని సందేహమునకు కారణముండదు. మిక్కిలి కృత్రిమమైనచో సీత కోరికకు కారణముండదు. ఒకే దృశ్యమున ఒకరికి నిజముగను మఱియొకరికి మాయగను తోపవలెను.

యంత్రసామగ్రి పెరిగినకొలది ఈ చిక్కు తీరునని తలచుట తగదు. 1933లో వచ్చిన ‘కింగ్ కాంగ్’ చిత్రమున విల్లిస్ ఓబ్రయన్ చిన్న బొమ్మను కొంచెము కొంచెముగా కదలించి చిత్రించినాడు. పనివారి వ్రేళ్లు తగిలి బొమ్మ బొచ్చు తెరపై కదలుచుండును. అది లోపమే, కాని చూచినవారికి మృగము రోషముతో బొచ్చు నిక్కించినట్లు తోచినది. మన భాషలో 2012లో రాజమౌళి తీసిన ‘ఈగ’ యు ఇట్టి పాఠమునే చెప్పుచున్నది. అందు నాయకుడు ఈగగా పునర్జన్మమెత్తును గాని మాటలాడడు. ముఖమున భావము చూపలేని పురుగునకు కాళ్ల కదలికయే భాష. ముఖము లేని దీపపుస్తంభము నడచునట్టి ‘లక్సో జూనియర్’ (1986) అను లఘుచిత్రము దీనికి ప్రేరణ. ఈగ చేత మాటలాడించి యుండినచో చిత్రము పిల్లల కథగా దిగిపోయెడిది.

నేడు నిజమైన జంతువులను గూడ కల్పింపవలసి వచ్చుచున్నది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద 2001లో వచ్చిన నియమముల ప్రకారము చిత్రములలో జంతువులను వాడుటకు అనుమతి కావలెను. పులి, సింహము, ఎలుగు మున్నగువానిని ప్రదర్శనలకు వాడుటను 1998లోనే నిషేధించిరి. కావుననే ‘బాహుబలి’ (2015)లోని దున్నయు, ‘ఆర్ఆర్ఆర్’ (2022)లోని పులియు గణనయంత్రమునుండి పుట్టినవి. కథానాయకుని వేళలు కుదరనప్పుడు విఠలాచార్య అతనిని చిలుకగానో ఎలుగుగానో మార్చి కథ నడపెడివాడని చెప్పుకొందురు. ఆ కాలమున పాత్ర జంతువగుట సులభము, ఇప్పుడు జంతువు జంతువగుటయే కష్టము!

రామకథకు మఱలి వచ్చినచో, ఇటీవలి అనుసరణములలో ‘ఆదిపురుష్’ (2023) విచారింపదగినది. అందు రావణునకు వాహనముగా గబ్బిలమును పోలిన పెద్ద మృగమును కల్పించిరి. పుష్పకమును తొలగించిరని పలువురు ఆక్షేపించిరి. ఈ ఆక్షేపము సగమే సరియైనది. వాల్మీకి కథనమున సీతాపహరణమునకు రావణుడు తెచ్చిన రథమునకు పిశాచముఖములు గల గాడిదలు కట్టబడి యున్నవి. జటాయువు వానిని చంపి రథమును విఱిచిన తరువాత రావణుడు సీతను తానే మోసికొని ఆకాశమున పోయినాడు. అనగా మూలముననే భీకరమైన కల్పిత జంతువు కలదు. క్రొత్తది వెదకవలసిన పని లేదు. గాడిద మనకు తెలిసిన జంతువు, దాని ముఖము మాత్రమే మాఱినది. తెలిసినదానిని ఒక్కచోట మార్చిన భయము పుట్టును, అంతయు మార్చిన ఆశ్చర్యము మాత్రమే మిగులును. ఆ గబ్బిలపు మృగము ఏమి తినునో, ఎచ్చట నుండునో, ఎవరికి భయపడునో తోపదు. దాని చర్మమును ఎంత నిపుణముగా చిత్రించినను ఈ లోటు పూడదు.

జటాయువు విషయము వేఱు. ఏటపాకను జటాయువు పడిన చోటుగా భద్రాచల ప్రాంతమువారు చెప్పుదురు. వాల్మీకి ఆ పక్షిని గృధ్రమనినాడు. ప్రకృతిశాస్త్రము ననుసరించి రాబందు కాళ్లకు వేటపక్షికున్నంత పట్టు లేదు. గోళ్లతో పోరాడు జటాయువు ఆ దృష్టిలో కల్పితమే. అయినను పల్లెవాసి దానిని శంకింపలేదు, ఏలయన కళేబరముపై వ్రాలు పక్షి వానికి కన్నులారా తెలిసినదే. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వలన 1990ల నుండి రాబందులు వేగముగా నశించినవి. 2006లో ఆ మందు పశువైద్యమున నిషేధింపబడినది. నేటి తరగతి గదులలోని విద్యార్థులలో పెక్కుమందికి రాబందు జటాయువువలెనే వినికిడి పక్షి. వారికి జటాయువును బోధించునపుడు మొదట రాబందును వర్ణింపవలసి వచ్చుచున్నది.