సముద్రపు గాలి – విమానపు రేకు

విశాఖపట్టణపు బీచి రోడ్డు ప్రక్కన టీయూ-142 అను భారీ విమానము నిలిచియున్నది. సోవియట్ రష్యాలో తయారైన ఈ రకము 1988లో మన నౌకాదళమున చేరి, 2017లో సేవ ముగించినది. నీటిలో దాగిన జలాంతర్గాములను వెదకుట దీని పని. తుదకు ప్రదర్శనశాలయైన 'కురుసుర' జలాంతర్గామి ఎదుటనే దీనికి చోటు దొరకుట చిత్రమే!

ఎగురుట మానిన విమానమునకు ముప్పు తప్పినదనుకొనరాదు. దీని రేకు అల్యూమినియపు మిశ్రలోహము. అల్యూమినియము గాలిలోని ఆమ్లజనితో కలిసి పలుచని ఆక్సైడు పొరను ఏర్పరచుకొనును. ఇనుప త్రుప్పువలె అది రాలిపోదు. లోహమునకు అదే కవచము. కాని సముద్రపు తుంపరల ఉప్పులోని క్లోరైడు అయానులు ఆ పొరను అక్కడక్కడ ఛేదించును. పైకి సూదిబెజ్జమువలె కనబడు గుంట లోలోపల పెరుగును. రేకునకు ఉక్కు బోల్టు తగిలినచోట ఉప్పునీరు చేరినచో అదియొక చిన్న విద్యుద్ఘటమే. అందు క్షయించునది అల్యూమినియమే. బలమునకై కలిపిన రాగియు ఇట్టి హానికే తోడ్పడును.

భారత వాయుసేన 1968లో విరమించిన లిబరేటర్ బాంబరులలో ఒకటి 1974లో ఇంగ్లండులోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియమునకు చేరి, పైకప్పు క్రింద భద్రముగా నున్నది. విశాఖ విమానమునకు ఆకాశమే కప్పు. కనుక ఉప్పును మంచినీటితో కడుగుట, అతుకులలో నీరు నిలువనీయకుండుట, రంగు చెదరినచోట ఆలసింపక పూయుట అవసరము.

విద్యార్థులు దీనిని తరగతిలోనే చూడవచ్చును. రెండు పలుచని అల్యూమినియపు రేకులలో ఒకదానికి రాగితీగ చుట్టి, రెంటిని వేరువేరు గ్లాసుల ఉప్పునీటిలో నుంచి, కొన్ని దినముల తరువాత పోల్చవలెను.