మయసభకి నియాన్ దీపాలు పెడితే... అదే లాస్ వెగాస్!

భారతంలో ఓ చిత్రమైన సంగతి వుంది, గమనించారా? మయుడు కట్టిన సభ, శకుని ఆడించిన జూదం – రెండూ ఒక్క సభాపర్వంలోనే వస్తాయి. నీళ్ళనుకున్న చోట నేల, నేలనుకున్న చోట నీళ్ళు! ఆ సొగసు చూసి కళ్ళు చెదిరిన దుర్యోధనుడు అసూయతో రగిలిపోయి, ఇంటికెళ్ళి పాచికలు వేయించాడు. కళ్ళు చెదిరే కట్టడం ఎక్కడుంటే జూదం అక్కడికి వచ్చి చేరుతుందని వ్యాసులవారికి ఎప్పుడో తెలుసన్నమాట!

‘దానవీరశూర కర్ణ’ (1977)లో రామారావుగారు మయసభలో అటూ ఇటూ తిరిగే సీను చూసినప్పుడల్లా నాకు అమెరికాలో ఓ వూరు గుర్తొస్తుంది. చుట్టూ ఎడారి. మధ్యలో రాత్రిని పగలు చేసే దీపాలు. ఆ వూరే లాస్ వెగాస్. స్పానిష్ భాషలో ఆ పేరుకి పచ్చికబయళ్ళని అర్థం!

జూదగాళ్ళ సంగతి అలా వుంచండి. నన్ను ఆకట్టుకున్నది మరో రకం జనం – ఆ వూరిని చూసి కథలు రాసినవాళ్ళు, బోర్డులు గీసినవాళ్ళు, సెట్లు వేసినవాళ్ళు, దుస్తులు కుట్టించినవాళ్ళు. వాళ్ళలో కొందరు గెలిచారు. కొందరు నిండా మునిగారు. రేపు సినిమాల్లో కలమో, కుంచెో పట్టాలనుకుంటున్న పాఠకులెవరైనా వుంటే, ఈ కబుర్లు ప్రత్యేకించి వాళ్ళ కోసం!

మొదలుపెట్టింది సినిమా పత్రికాయనే!

నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. అదే ఏడాది దగ్గర్లోనే హూవర్ డామ్ పని మొదలైంది. కూలీలొచ్చారు, జీతాలొచ్చాయి, వాటి వెనకే పేకముక్కలూ వచ్చాయి. అయితే ఆ వూరికి ‘గ్లామర్’ తేవాలన్న ఆలోచన ఎవరిదనుకున్నారు? ‘హాలీవుడ్ రిపోర్టర్’ అనే సినిమా పత్రికను స్థాపించిన బిల్లీ విల్కర్‌సన్‌ది! హాలీవుడ్ తారలు వచ్చి విడిది చేసేంత దర్జాగా ‘ఫ్లెమింగో’ హోటల్ కట్టడం మొదలుపెట్టాడాయన. పాపం, ఆయనకీ జూదం పిచ్చి వుంది. కట్టడం సగంలో వుండగానే డబ్బు నిండుకుంది. బగ్సీ సీగెల్ అనే ముఠా నాయకుడు రంగంలోకి దిగి హోటల్‌ని చేజిక్కించుకున్నాడు. 1946 డిసెంబర్ 26న ఫ్లెమింగో తెరిచారు. ఆరు నెలలు తిరక్కుండానే, 1947 జూన్ 20న, బెవర్లీ హిల్స్‌లో సీగెల్‌ని ఎవరో కాల్చి చంపారు. ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు.

రచయితలు వూరుకుంటారా? ‘గాడ్‌ఫాదర్’లో కళ్ళద్దాల మీద తూటా తగిలి చచ్చే మో గ్రీన్ పాత్రకి ఆ సీగెలే మూలం. 1991లో వారెన్ బీటీ హీరోగా ‘బగ్సీ’ అని ఏకంగా సినిమానే వచ్చింది. దానికి దక్కిన రెండు ఆస్కార్లూ దేనికో తెలుసా? ఒకటి కళాదర్శకత్వానికి, రెండోది దుస్తులకి!

బోర్డు గీసిన అమ్మాయి

వెగాస్ పేరు చెప్పగానే అందరి కళ్ళముందూ మెదిలేది వూరి మొదట్లో వుండే స్వాగతం బోర్డు. 1959లో దాన్ని గీసింది బెట్టీ విల్లిస్ అనే ఆవిడ. నియాన్ బోర్డులంటే మగవాళ్ళ పని అనుకునే రోజులవి. ‘వెల్‌కమ్’ అనే మాటలోని ఒక్కో అక్షరం వెనక ఒక్కో తెల్లటి వలయం పెట్టింది. అవి వెండి డాలర్లట! నెవాడాకి వెండి రాష్ట్రం అని పేరు కదా.

తమాషా ఏమిటంటే, ఆ బొమ్మ మీద ఆవిడ హక్కులు తీసుకోలేదు. వూరికి బహుమతిగా వదిలేసింది. అందుకే కప్పుల మీదా, చొక్కాల మీదా, సినిమాల్లోనూ ఎవరికి వాళ్ళు వాడేసుకున్నారు. 2015లో ఆవిడ కన్నుమూసింది. డబ్బు కోసమే పుట్టిన వూరికి గుర్తుగా మిగిలిన బొమ్మ మాత్రం ఉచితం! ఇలాంటి మలుపు కథలో రాస్తే డైరెక్టర్లు నమ్మరు.

ఆవిడే గీసిన మరో బోర్డు వుంది – మూలాన్ రూజ్ హోటల్ది. దాని వెనక వున్న కథ వింటే మనసు చివుక్కుమంటుంది. ఆ రోజుల్లో సామీ డేవిస్ జూనియర్ లాంటి నల్లజాతి కళాకారులు పెద్ద హోటళ్ళ వేదికల మీద పాడి, ఆడి చప్పట్లు కొట్టించుకునేవారు. ఆట అయ్యాక అదే హోటల్లో గది మాత్రం ఇచ్చేవారు కాదు! వూరికి మరో పక్కన తలదాచుకోవలసి వచ్చేది. 1955లో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ కలిసి కూర్చునే హోటల్‌గా మూలాన్ రూజ్ తెరిచారు. కొద్ది నెలలకే మూతపడింది. కాని 1960లో, స్ట్రిప్ మీది హోటళ్ళలో ఆ వివక్ష ఎత్తివేసే ఒప్పందం కుదిరింది అక్కడే. ఆ బోర్డులోని వంపుల అక్షరాలు ఇప్పుడు నియాన్ మ్యూజియంలో వున్నాయి. దీపాల వెనక ఎంత చీకటి వుందో అవి చెబుతాయి.

బాతు కథ

1968లో యేల్ యూనివర్సిటీ నుంచి కొంతమంది విద్యార్థులు వెగాస్‌లో దిగారు. పేకాటకి కాదు, పాఠానికి! వెంటవచ్చిన మాస్టార్లు రాబర్ట్ వెంచూరి, డెనీజ్ స్కాట్ బ్రౌన్, స్టీవెన్ ఐజెనార్. పెద్ద పెద్ద ఆర్కిటెక్టులు ఆ వూరిని చూసి ముక్కు చిట్లించే కాలంలో వీళ్ళు దాని వీధులు కొలిచారు, ఫోటోలు తీశారు, బోర్డులు లెక్కబెట్టారు. 1972లో ‘లెర్నింగ్ ఫ్రమ్ లాస్ వెగాస్’ అని పుస్తకం వేశారు.

అందులో వాళ్ళు చెప్పింది సులువుగా చెప్పాలంటే – కట్టడాలు రెండు రకాలు. మొదటిది ‘బాతు’. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో బాతులు, గుడ్లు అమ్మడానికి బాతు ఆకారంలోనే కట్టిన కొట్టు ఒకటుంది. కట్టడమే బోర్డు అన్నమాట. రెండోది ‘అలంకరించిన షెడ్డు’. వెనక మామూలు గోడలు, ముందు మాత్రం ధగధగలాడే పెద్ద బోర్డు. కారులో దూసుకుపోయేవాడికి కనబడేది బోర్డే గాని గోడ కాదు కదా!

ఇది చదవగానే నాకు నవ్వొచ్చింది. హైద్రాబాద్ ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్‌లోనూ, విజయవాడ గాంధీనగర్లోనూ పెద్ద హీరో సినిమా రిలీజయిన రోజున మనం చూసింది ఏమిటి? వెనక నాలుగు గోడలు, ముందు ఆకాశమంత కటౌటు, దానికి పూలదండలు, సీరియల్ బల్బులు! అలంకరించిన షెడ్డుకి ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

కలం పట్టినవాళ్ళ పందేలు

ఇక రచయితల సంగతికొద్దాం. టామ్ వుల్ఫ్ 1964లో ‘ఎస్క్వైర్’ పత్రికలో ఈ వూరి గురించి రాస్తూ, అక్కడి బోర్డుల వంపులకి తనే తమాషా పేర్లు పెట్టాడు. ఆ చప్పుడు, ఆ హడావుడి వాక్యాల్లోనే వినిపించేలా రాశాడు.

హంటర్ థాంప్సన్‌ది ఇంకా వింత. 1971లో ఓ మోటార్ సైకిల్ పందెం ఫోటోలకి నాలుగు ముక్కలు రాయమని ఓ ఆటల పత్రిక పంపింది. ఆయన రాసింది చాంతాడంత! వాళ్ళు వద్దన్నారు. ఆయన ఆపలేదు. అదే పెరిగి పెరిగి ‘ఫియర్ అండ్ లోదింగ్ ఇన్ లాస్ వెగాస్’ అయి, ఆ ఏడాది నవంబర్లో ‘రోలింగ్ స్టోన్’లో అచ్చయింది. 1998లో జానీ డెప్ హీరోగా సినిమా వచ్చింది. తిరిగొచ్చిన రచనలు పెట్టెలో దాచుకున్న కుర్ర రచయితలూ, విన్నారా?

మారియో పూజో సంగతి మరీ దగ్గరగా వుంటుంది. రెండు మంచి నవలలు రాశాడు. మెచ్చుకున్నారు గాని కొనలేదు. ఇంటినిండా పిల్లలు, నెత్తిమీద అప్పులు, పైగా జూదం సరదా! డబ్బు కోసమే ‘గాడ్‌ఫాదర్’ (1969) రాశానని దాచుకోకుండా చెప్పాడు. నిజం ముఠా నాయకుణ్ణి ఒక్కణ్ణీ కలవకుండానే రాశాననీ, తనకి బాగా తెలిసింది జూదం ప్రపంచమేననీ ఆయన ఒప్పుకున్నాడు. తర్వాత 1977లో వెగాస్ మీద ఏకంగా ఓ పుస్తకమే వేశాడు. అప్పులవాళ్ళ భయంతో పుట్టిన ఆ నవల ఎంత దూరం ప్రయాణించిందో చూడండి – హిందీలో ‘ధర్మాత్మ’ (1975), తమిళంలో ‘నాయకన్’ (1987) దాకా దాని నీడ పడింది!

అందరి కథా అలా సుఖాంతం కాలేదు. ‘లీవింగ్ లాస్ వెగాస్’ (1990) నవల రాసిన జాన్ ఓబ్రయన్, సినిమా హక్కులు అమ్ముడైన కొద్ది వారాలకే, 1994లో ప్రాణాలు తీసుకున్నాడు. మైక్ ఫిగిస్ ఆ సినిమాని చిన్న 16 ఎమ్.ఎమ్. కెమెరాలతో తీశాడు. స్ట్రిప్ మీద కొన్ని సీన్లు పర్మిషన్ లేకుండానే లాగించేశాడు. తాగి తాగి చచ్చిపోదామని ఆ వూరికొచ్చే మనిషిగా నికొలస్ కేజ్‌కి ఉత్తమ నటుడి ఆస్కార్ వచ్చింది. అది చూశాక వెగాస్ దీపాలు నాకు మునుపటంత అందంగా కనబడలేదు.

సెట్టే జూదమైతే?

ఇంతమందిలోకీ పెద్ద పందెం వేసినవాడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా. ‘వన్ ఫ్రమ్ ది హార్ట్’ (1982) కథ వెగాస్‌లో జరుగుతుంది. ఆ వూరు కారులో వెళితే కొన్ని గంటల దూరం. అయినా ఆయన వెళ్ళలేదు. హాలీవుడ్‌లో తన స్టూడియోలోనే వెగాస్ మొత్తం కట్టించాడు! ‘మాయాబజార్’ (1957)కి గోఖలే, కళాధర్ స్టూడియోలో ద్వారకను నిలబెట్టినట్టు, ఇక్కడ డీన్ టావులారిస్ వీధులూ, నియాన్ బోర్డులూ, విమానాశ్రయం కూడా వేశాడు. విట్టోరియో స్టొరారో కెమెరా ఆ రంగుల్ని పిండి చూపించింది.

ఖర్చు సుమారు 2 కోట్ల 60 లక్షల డాలర్లు. అమెరికా థియేటర్లలో వచ్చింది 10 లక్షల డాలర్లు కూడా లేదు! స్టూడియో చేజారింది. తర్వాత చాలా ఏళ్ళు ఆయన అప్పులు తీర్చడానికే సినిమాలు తీశాడు. అంతటితో బుద్ధి తెచ్చుకున్నాడా అంటే... 2024లో ‘మెగాలోపొలిస్’ కోసం సుమారు 12 కోట్ల డాలర్ల సొంత డబ్బు మళ్ళీ ఒడ్డాడు. అదీ పోయింది. కాని ‘వన్ ఫ్రమ్ ది హార్ట్’ని అదే ఏడాది మళ్ళీ విడుదల చేస్తే, ఆ సెట్టింగుల కోసం వెళ్ళి చూసినవాళ్ళున్నారు. కొన్ని పందేలకి లెక్క తేలడానికి నలభై ఏళ్ళు పడుతుంది కాబోలు!

స్కార్సెసీ మరో దారి పట్టాడు. ‘క్యాసినో’ (1995)ని రివియెరా అనే నిజమైన క్యాసినోలో, రాత్రిపూట ఆట సాగుతుండగానే తీశాడు. నికొలస్ పిలెగ్గి పరిశోధించి రాసిన నిజం కథ అది. రాబర్ట్ డి నిరో వేసుకున్న రంగురంగుల సూట్లు చూస్తే చాలు, ఆ మనిషి ఎదిగిందీ, పడిందీ మాటల్లేకుండా తెలిసిపోతుంది. నియాన్ వెలుగుల్లో మనిషి కిందికి పడిపోతుండే ఆ టైటిల్స్ తయారు చేసింది సాల్ బాస్, ఆయన భార్య ఎలేన్. సాల్ బాస్ చేసిన ఆఖరి టైటిల్స్ అవే.

ఈకలూ, ముత్యాలూ, తెల్ల సూట్లూ

దుస్తుల గురించి చెప్పకపోతే మన అమ్మాయిలు వూరుకోరు. 1969లో ఇంటర్నేషనల్ హోటల్ వేదికెక్కిన ఎల్విస్ ప్రెస్లీ, 1976 దాకా ఆ హోటల్లో 600కి పైగా ప్రదర్శనలిచ్చాడు. ఆయన తెల్ల జంప్‌సూట్లు, ఎత్తు కాలర్లు గుర్తున్నాయి కదా? అవి బిల్ బెలూ సృష్టి. ఎల్విస్‌కి కరాటే అంటే ప్రాణమని, కాలు విసిరినా చిరగని విధంగా ఆ దుస్తుల్ని రూపొందించాడు.

ఇక ‘జూబిలీ’ అనే షో. 1981 నుంచి 2016 దాకా నడిచింది. బాబ్ మాకీ, పీట్ మెనిఫీ వేసిన దుస్తులు. వేదిక మీదే టైటానిక్ ఓడ మునిగేది! ఈకల కిరీటాలు కొన్ని పది కిలోలు దాటేవి. అంత బరువు నెత్తిన పెట్టుకుని, చిరునవ్వు చెదరకుండా మెట్లు దిగేవాళ్ళు ఆ అమ్మాయిలు. మనకి కనబడేది ఈకే. మెడనొప్పి కనబడదు.

పడగొట్టడమూ ఓ వేడుకే

ఈ వూరికి పాతదంటే గౌరవం లేదు. హోటల్ పాతబడితే డైనమైట్ పెట్టి కూల్చేస్తారు. జనం నిలబడి చూస్తారు! లాండ్‌మార్క్ హోటల్ని 1995లో కూల్చినప్పుడు టిమ్ బర్టన్ ఆ దృశ్యాన్ని ‘మార్స్ అటాక్స్’ (1996)లో వాడుకున్నాడు. స్టార్‌డస్ట్ 2007లో, రివియెరా 2016లో, ట్రాపికానా 2024 అక్టోబర్లో నేలమట్టమయ్యాయి. డిజైనర్ల కష్టం నిమిషంలో దుమ్ము! బోర్డులకి మాత్రం కొంత అదృష్టముంది. 1996లో ఏర్పడిన నియాన్ మ్యూజియం పాత బోర్డుల్ని ఏరుకొచ్చి ఆరుబయట నిలబెట్టింది. ఆ చోటుని ‘బోన్‌యార్డ్’ – అంటే ఎముకల దొడ్డి – అంటారు.

కొత్త మయసభ కూడా వచ్చేసింది. పేరు ‘స్ఫియర్’. 2023 సెప్టెంబర్లో తెరిచారు. ఖర్చు సుమారు 230 కోట్ల డాలర్లు. కట్టడమే గుండ్రటి తెర! లోపలా తెరే, బయటా తెరే. వెంచూరి మాస్టారు వుండివుంటే దీన్ని బాతు అనేవారా, అలంకరించిన షెడ్డు అనేవారా? నాకైతే రెండూ కలిసిపోయాయనిపిస్తుంది.

ఇన్ని కథలు తిరగేశాక నాకు అర్థమైంది ఒకటే. డిజైనర్లు ఆ వూళ్ళో దీపాన్ని చూశారు, రచయితలు దీపం కింద కూర్చుని ఓడిపోయినవాణ్ణి చూశారు. సినిమాకి ఇద్దరూ కావాలి. ఇందుకోసం మీరు వెగాస్ దాకా పోనక్కర్లేదు. మీ వూరి జాతర దీపాలూ, సర్కస్ డేరా, హాలు ముందు కటౌటు – వాటిని ఆ యేల్ కుర్రాళ్ళలా కొలిచి చూడండి. తర్వాత దాని కింద టికెట్ దొరక్క నిలబడినవాడి మొహం కూడా చూడండి.

అన్నట్టు, బెట్టీ విల్లిస్ బోర్డుకి వెనకవైపు కూడా రాత వుంది. వూరు వదిలి వెళ్ళేవాళ్ళకి కనబడుతుంది. బండి జాగ్రత్తగా నడపమనీ, త్వరగా మళ్ళీ రమ్మనీ దాని భావం. మొదటి మాట కొప్పోలా లాంటివాళ్ళ కోసం, రెండో మాట క్యాసినో యజమానుల కోసం అనుకుంటాను!