కామ్‌షాఫ్టు మార్పిడి

ఒక తిరుగలి పైరాతిని తీసి మఱియొక తిరుగలి క్రిందిరాతిపై నుంచినచో అది కూర్చుండును, త్రిప్పినచో తిరుగును, కాని పిండి సరిగా రాదు. ఏండ్ల తరబడి యొరసికొని యొకదానికొకటి యనుకూలించిన రాళ్లను విడదీసినప్పుడు గంట్లు మరల కొట్టింపక తప్పదు. మోటారు యంత్రములయందును ఇట్టి సంగతియే కలదు. పాతకార్లను బాగుచేయువారు ఒక యింజను యొక్క సిలిండరు హెడ్డునుండి కామ్‌షాఫ్టును తీసి వేఱొక హెడ్డునందు బిగించుట తఱచుగా జరుగుచుండును. ఈ పని యెట్లు చేయవలెనో, అందు అపాయ మెచ్చట నున్నదో ఈ వ్యాసమున వివరింపదలచితిమి. యంత్రశాస్త్రము చదువని విద్యార్థికిని బోధపడునట్లు మొదటినుండియు చెప్పెదము.

పెట్రోలు యింజనునందు గాలియు పెట్రోలును కలిసిన మిశ్రమము సిలిండరులోనికి వచ్చుటకు ఇన్లెట్టు వాల్వును, కాలిన వాయువు వెలికిపోవుటకు ఎగ్జాస్టు వాల్వును ఉండును. స్ప్రింగులు వీనిని మూసి యుంచును. తగిన వేళకు తెఱచునది కామ్‌షాఫ్టు. ఇది పొడవైన యినుప కడ్డీ. దానిపై వాల్వుకొకటి చొప్పున కోడిగ్రుడ్డు ఆకారముగల మిట్టలుండును. మిట్టయొక్క మొన వచ్చినప్పుడు వాల్వు తెఱచుకొనును. గుండ్రని వీపు వచ్చినప్పుడు మూసికొనును. పిస్టనులను నడుపు క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి కామ్‌షాఫ్టు ఒక్క చుట్టు తిరుగును. ఈ రెంటిని గొలుసు కలుపుచుండును. ఆ గొలుసు పట్టు తప్పినచో యింజనుయొక్క ఊపిరి తప్పినట్లే.

ఉదాహరణమునకు ఇంగ్లండు దేశమందలి జాగ్వార్ కంపెనీవారి ఎక్స్‌.కె. యింజనును గ్రహింతము. ఇది 1948 సంవత్సరమున లండను మోటారు ప్రదర్శనమునందు ఎక్స్‌.కె. 120 అను కారుతోగూడ లోకమునకు వెల్లడియైనది. విలియం హేన్స్ అను ఇంజనీరు దీనిని నిర్మింపించెను. హెడ్డునందలి వాయుమార్గములకు రూపము దిద్దినవాడు హ్యారీ వెస్లేక్. మొదటి యింజను పరిమాణము 3,442 ఘన సెంటీమీటర్లు, సిలిండర్లు ఆఱు. హెడ్డు అల్యూమినియముతో పోసినది. దానిపై రెండు కామ్‌షాఫ్టులు కలవు. ఒకటి ఇన్లెట్టు వాల్వులను, రెండవది ఎగ్జాస్టు వాల్వులను నడుపును. ఈ రెండు వరుసల వాల్వులును నిటారుగా నిలువక, తమలో తాము 70 డిగ్రీల కోణముతో ఎదురెదురుగా వాలి యుండును. ఈ యింజనుతోడనే జాగ్వారువారు ఫ్రాన్సునందలి ల మాన్ పందెమును 1951, 1953, 1955, 1956, 1957 సంవత్సరములలో గెలిచిరి. దీని నిర్మాణము 1992 వఱకు సాగెను.

ఇన్ని యేండ్లు ఒకే వంశముగా సాగినందున ఒక హెడ్డుయొక్క షాఫ్టు మఱియొక దానియందు కూర్చుండుటకు అవకాశ మేర్పడినది. మార్చుటకు కారణములు రెండు. మిట్టలు అరిగిపోయినప్పుడు పనికిరాని యింజనునుండి మంచి షాఫ్టును తెచ్చుకొనుట యొకటి. శక్తి పెంపుదల రెండవది. మొదటి ఎక్స్‌.కె. 120 కార్ల షాఫ్టులు వాల్వును 5/16 అంగుళము ఎత్తుచుండెను. తరువాతివి 3/8 అంగుళము ఎత్తును. భేదము అంగుళములో పదునాఱవ వంతు మాత్రమే. అయినను వాల్వు అంతమేరకు ఎక్కువ తెఱచుకొన్నచో ఎక్కువ మిశ్రమము లోనికి వచ్చును. 160 గుఱ్ఱపు శక్తిగల యింజనును 180 గుఱ్ఱపు శక్తికి పెంచినప్పుడు ఈ షాఫ్టులు అందొక భాగము. పొగ వెడలు మార్గమును గూడ విశాలము చేసిరి. కావున షాఫ్టు ఒక్కటి మార్చినచో ఆ ఫలమంతయు లభించునని భ్రమపడరాదు.

ఇక పని విషయము. అన్నిటికంటె మొదట తెలియవలసిన దొక నిషేధము: గొలుసు విప్పిన పిదప క్రాంకుషాఫ్టును గాని, కామ్‌షాఫ్టును గాని ఇచ్చవచ్చినట్లు త్రిప్పరాదు. ఎదురెదురుగా వాలిన వాల్వులు రెండును ఒకేసారి తెఱచుకొన్నచో ఒకదాని నొకటి కొట్టుకొనును. లేదా పైకివచ్చు పిస్టనును తాకును. వంగిన వాల్వు మరల సరిగా మూసికొనదు. చేతితో త్రిప్పినను ఈ నష్టము కలుగవచ్చును. కావుననే షాఫ్టులను పరీక్షించునప్పుడు ఒక్కొక్కదానినే బిగించి, కొలతలు చూచి, తీసిన పిమ్మట రెండవదానిని బిగింపవలెను. హెడ్డును విప్పి బల్లమీద పెట్టినప్పుడు దాని రెండు చివరల క్రిందను చెక్కదిమ్మలు ఉంచవలెను. తెఱచియున్న వాల్వులు హెడ్డు అడుగు మట్టమును దాటి వచ్చును గనుక, దిమ్మలు లేకున్నచో హెడ్డు బరువంతయు వానిపై పడును.

షాఫ్టును తీయునప్పుడు దానిని పట్టియుంచు బేరింగు మూతల నట్లను ఒక్కొక్కటిగా పూర్తిగా విప్పరాదు. షాఫ్టు ఏ స్థితియందున్నను కొన్ని వాల్వు స్ప్రింగులు దానిని పైకి నెట్టుచునే యుండును. ఒక చివర విడిచి మఱియొక చివర బిగువుగా నున్నచో కడ్డీ వంగుటయో విఱుగుటయో సంభవించును. కావున అన్ని నట్లను వరుసగా కొంచెము కొంచెము వదలుచు రావలెను. తీసిన ప్రతి వస్తువునకును గుర్తుచీటి కట్టుట మేలు. ఒక్కొక్క షాఫ్టునకు బేరింగులు నాలుగు. వాని మూతలపైన, హెడ్డుపైన అంకె లుండును. అవి యలంకారమునకు వేసినవి కావు. ప్రతి మూతయు తన చోటికే సరిపోవును. ఒక హెడ్డు మూతలను వేఱొక హెడ్డునకు వాడరాదు. షాఫ్టు వలస పోవచ్చును గాని, మూతలు తమ యిల్లు విడువరాదు. టాపెట్టులు తీసి షాఫ్టును మాత్రము బిగించినప్పుడు అది వ్రేళ్లతోనే తేలికగా తిరుగవలెను. పట్టిపట్టి తిరిగినచో షాఫ్టు వంగినదో, హెడ్డు వంకరపోయినదో తేల్చుకొనక ముందునకు సాగరాదు.

తరువాతిది టాపెట్టుల సంగతి. మిట్టకును వాల్వునకును నడుమ బోర్లించిన గిన్నెవంటి టాపెట్టు ఉండును. దాని లోపల, వాల్వు కొనపైన, చిన్న ఉక్కు బిళ్ళ యుండును. మిట్టయొక్క వీపునకును టాపెట్టునకును మధ్య వెండ్రుక పాటి సందు ఉండవలెను. 3/8 అంగుళపు షాఫ్టులకు సాధారణముగా ఇన్లెట్టున 0.004, ఎగ్జాస్టున 0.006 అంగుళముల సందు విధింపబడినది. పూర్వపు షాఫ్టుల లెక్క వేఱు. ఈ కొలత షాఫ్టునకు చెందినదే గాని హెడ్డునకు చెందినది కాదు. షాఫ్టు మాఱినచో లెక్కయు మాఱును.

ఆ బిళ్ళలకు ఏ నుండి జెడ్ వఱకు అక్షరముల గుర్తు లుండును. ఏ బిళ్ళ మందము 0.085 అంగుళము, ఒక్కొక్క అక్షరమునకు 0.001 చొప్పున పెరిగి జెడ్ బిళ్ళకు 0.110 అగును. ఇన్లెట్టున సందు 0.007 వచ్చినదనుకొందము, కావలసినది 0.004. అనగా 0.003 ఎక్కువ. అచ్చట డి బిళ్ళ, అనగా 0.088 మందముగలది, ఉన్నచో 0.091 మందముగల జి బిళ్ళను వేయవలెను. ఇది నాలుగవ తరగతి విద్యార్థి చేయగల కూడిక. కాని పండ్రెండు వాల్వులకును వేఱు వేఱుగా చేయవలసినదే. పాత హెడ్డునందు సరిగా నున్న బిళ్ళలే క్రొత్త షాఫ్టునకును సరిపోవునని తలచుట పెద్ద పొరపాటు. అరిగిన షాఫ్టును సానపట్టి తిరిగి తీర్చినప్పుడు దాని వీపు సన్నబడును, సందు పెరుగును, అట్టివానికి ఒక్కొక్కప్పుడు జెడ్ బిళ్ళయు చాలదు.

ఎత్తు తక్కువ షాఫ్టునకు బదులు ఎత్తు ఎక్కువ షాఫ్టును వేసినప్పుడు మఱి మూడు పరీక్షలు అవసరము. వాల్వు పూర్తిగా తెఱచుకొన్నప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానిపై నొకటి అదిమికొని పోరాదు. మిట్ట మొన టాపెట్టు తిరుగాడు గొట్టమును తాకరాదు. వాల్వు పిస్టనును తాకరాదు. దీనిని తెలిసికొనుటకు పిస్టనుపై మెత్తని బంకమట్టి యుంచి, హెడ్డును బిగించి, గొలుసు సరిగా తగిలించి, యింజనును మెల్లగా చేతితో త్రిప్పి, పిదప హెడ్డు విప్పి మట్టిపై పడిన ముద్ర లోతును చూచుట కలదు. అల్యూమినియపు హెడ్డులో దిగగొట్టిన ఆ గొట్టములు వేడికి వదులై పైకి లేచి మిట్టలకు తగులుట ఈ యింజనులందు ఎఱిగిన దోషమే. కావున హెడ్డు విప్పినప్పుడే వానిని పరిశీలించి, కదలకుండ అదిమిపట్టు పలకలను బిగించుట మంచిది.

కడపటిది కాలము కుదుర్చుట. ఈ యింజనునందు సిలిండర్ల లెక్క వెనుకనుండి ప్రారంభమగును; ముందున్నది ఆఱవది. ఆఱవ పిస్టనును మిశ్రమము మండు వేళకు సరిగా పైకొనయందు నిలిపి, ప్రతి షాఫ్టు ముందుకొననున్న గంటును కొలత పలకతో నిలువుగా సరిచూచి, అప్పుడు గొలుసు చక్రమును కలుపవలెను. చక్రపు రంధ్రములు షాఫ్టు రంధ్రములతో కలియనియెడల షాఫ్టును జరుపరాదు. చక్రము నడుమనున్న పండ్లపలకను తీసి సగము చుట్టు త్రిప్పి పెట్టినచో అర పన్ను మేర జరిగి రంధ్రములు కుదురును. హెడ్డు అడుగును చదును చేయించి యున్నచో గొలుసు దారి కొంచెము మాఱును గాన, పాత గుర్తులను నమ్మక పలకతోనే కుదుర్పవలెను. అన్నియు బిగించిన పిమ్మట మిట్టలకు నూనె పట్టించి, స్పార్కుప్లగ్గులు తీసి, క్రాంకుషాఫ్టును చేతితో రెండు పూర్తి చుట్లు త్రిప్పి చూడవలెను. ఎచ్చటనైన అడ్డు తగిలినచో బలము చూపక ఆగవలెను. ఆ యడ్డు యంత్రము మనకు చెప్పు మాట.

ఈ పనియందు కండబలముతో సాధించున దేదియు లేదు. షాఫ్టు హెడ్డులో కూర్చుండుట అమరిక. తన చోటనున్న బేరింగులతో, టాపెట్టులతో, వాల్వులతో, గొలుసుతో కలిసి నడచుట పొందిక. అమరిక కంటికి కనబడును. పొందిక కొలతకు మాత్రమే తెలియును. ఈ భేదము నెఱిగి, తొందరపడక పండ్రెండు సందులను పండ్రెండు మార్లు కొలుచువాని చేతిలో పాతయింజను మరల చక్కగా పలుకును.