ఎల్లమ్మ తల్లి కథ: బయటి పోరు, లోపలి పోరు



అమీర్‌పేటను ఆనుకొని యున్న బల్కంపేటలో శ్రీ ఎల్లమ్మ తల్లి కొలువై యున్నది. అమ్మవారి మూలవిరాట్టు నేలమట్టమునకు దిగువన, జలము ఊరు చోట శయనించి యుండును. ఏటా ఆషాఢమాసపు తొలి మంగళవారమున కల్యాణోత్సవము జరుగును. భక్తులు ఈ సన్నిధికి కోరికలతోనే కాదు, కన్నీళ్లతోను వత్తురు. ఏలయనగా ఈ తల్లి కథయే ఒక దుఃఖగాథ.

బైండ్లవారు జమిడిక వాయించుచు చెప్పు కథను స్మరింతము. రేణుకాదేవి ప్రతిదినము ఏటి ఇసుకతో కుండ చేసి, పామును చుట్టకుదురుగా పెట్టుకొని, జమదగ్ని మహర్షికి నీరు తెచ్చెడిది. ఒకనాడు జలక్రీడలాడు రాజును చూచి ఆమె మనస్సు క్షణకాలము చలించినది. ఆనాడు ఇసుక కుండగా నిలువలేదు. మొదటి పోరు ఎవరికిని కనబడక ఆమె మనస్సులోనే జరిగినది. దాని ఫలము మాత్రము బయటపడినది.

తల్లిని వధింపుమని మహర్షి కుమారులను ఆజ్ఞాపించెను. పెద్దవారు నలుగురును మాట పెగలక నిలిచి, తండ్రి శాపమున తెలివి కోల్పోయిరి. ఐదవవాడైన పరశురాముడు గొడ్డలి ఎత్తెను. ప్రాణభయముతో పరుగెత్తిన రేణుకకు ఒక మాదిగ ఇల్లాలు ఆశ్రయమిచ్చెననియు, ఆమె శిరస్సు కూడ తెగెననియు, పిదప ఇరువురి శిరస్సులు తారుమారుగా అతికెననియు జానపదులు చెప్పుదురు.

ఇచట తండ్రి ఆజ్ఞకు, తల్లి ప్రాణమునకు జరిగినది బాహ్య సంఘర్షణ. పితృవాక్యపాలనము ధర్మమే, మాతృరక్షణమును ధర్మమే. ఈ రెండును ఒకే హృదయమున ఢీకొనుట అంతస్సంఘర్షణ.

మహాభారతము అరణ్యపర్వములో పరశురాముడు కోరిన వరములను గమనింపుడు. తల్లి బ్రదుకవలెను, తాను చంపబడితినను జ్ఞాపకము ఆమెకు ఉండరాదు, ఆ పాపము తన్నంటరాదు, సోదరులు స్వస్థులు కావలెను. యుద్ధములో సాటిలేమిని, దీర్ఘాయువును కూడ కోరెను. కాని తన మరపును కోరలేదు. తల్లి మరచినది; కొడుకునకు మరపు లేదు. వరముతో బయటి పోరు తీరినది గాని లోపలిది తీరినదని చెప్పజాలము.

పిమ్మట కార్తవీర్యుని కుమారులు జమదగ్నిని చంపిరి. పరశురాముడు ఇరువదియొక్క మారులు క్షత్రియ సంహారము చేసెను. అంత రక్తము పారినను శాంతి కలిగెనా? పితామహుడైన ఋచీకుడు వారించిన పిదప, గెలిచిన భూమిని కశ్యపునకు దానమిచ్చి మహేంద్రగిరి చేరెను. చంపుటవలన గాక విడుచుటవలననే శాంతి యని మా భావము.

మన ఇండ్లలో జరుగునదియు ఇదియే. తల్లి కర్మ ముగియకముందే అన్నదమ్ములు పొలము గట్టుకై తగవులాడుదురు. పైకి అది ఆస్తి తగాదా. లోపల "బ్రదికియుండగా చూచుకొనలేకపోతిని" అను వేదన. ఆ మాట పైకి చెప్పుకొనలేక తోబుట్టువుపై గొడ్డలి ఎత్తుచున్నారు. గట్టు ఎవరికి దక్కినను ఆ వేదన తీరదు. ఒకరియెదుట ఒకరు కూర్చుండి ఆ మాట చెప్పుకొని ఏడ్చుటయే మేలు. శ్రద్ధతో తర్పణము విడిచి, తల్లి పేర ఒక ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటయు మేలే.

బల్కంపేట అమ్మను చూడవలెనన్న తల వంచి క్రిందికి చూడవలెను. దుఃఖమున్నవాడు తన లోపలికిని అట్లే చూచుకొనవలెను. ఆ తల్లి మనకందరకు అట్టి ధైర్యమును ప్రసాదించుగాక!

స్వస్తి.