జారుడు బండ, మత్తడి నీళ్లు

సిరోంచ పిల్లల ఆట ఒకదానికి రెండు పేర్లున్నాయి. ఇంట్లో అమ్మమ్మ జారుడు బండ అంటుంది, మరాఠీ బడిలో గురూజీ ఘసరగుండీ అంటారు. గోదావరి మీద వంతెన వచ్చాక కాళేశ్వరం మీదుగా హైదరాబాదు వెళ్లి రావడం సులువైంది కాబట్టి, సెలవులకు వెళ్లిన పిల్లలు ఇప్పుడు మూడో పేరు కూడా మోసుకొస్తున్నారు. అదే వాటర్ స్లైడ్. 2016లో నగర శివారు రావిర్యాలలో వండర్‌లా పార్కు తెరిచారు. అక్కడ జారి వచ్చిన పిల్లవాడు ఊరికే ఉంటాడా? వానాకాలం చెరువు నిండి మత్తడి దూకుతుంటే, పాచి పట్టిన ఆ వాలును చూసి "ఇదీ అదే కదా!" అంటాడు. అదీ ఇదీ ఒకటేనా అన్నది ఈ రోజు చూద్దాం.

ముందు వేగం సంగతి. జారే మనిషికి వేగం ఇచ్చేది ఎత్తు. రాపిడి లేదనుకుంటే, 5 మీటర్ల ఎత్తు నుంచి జారినవాడు అడుగుకు చేరేసరికి సెకనుకు 10 మీటర్ల వేగం అందుకుంటాడు. అంటే గంటకు 36 కిలోమీటర్లు, ఊళ్లో మోటారు సైకిలు పోయే వేగం. ఈ వేగం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగింతలు కావాలి. నిజానికి రాపిడి కొంత వేగాన్ని తినేస్తుంది. ఆ రాపిడిని తగ్గించడానికే పంపుతో నీళ్లు పైకెక్కించి, ఫైబర్ దోనె మీద పలచని పొరగా వదులుతారు. నీళ్లు ఆగిపోతే ఒళ్లు గీసుకుపోతుంది. నైలాను బట్టలే వేసుకోమనడానికి కారణం కూడా రాపిడే. నూలు బట్ట తడిసి దోనెకు అతుక్కుంటుంది, మధ్యలో ఆగిపోయిన మనిషిని వెనక వచ్చేవాడు గుద్దుతాడు. పైన నిలబడే ఉద్యోగి ముందువాడు దిగి పక్కకు తప్పుకునేదాకా మిమ్మల్ని వదలడు. అతని మీద విసుక్కోకండి.

మలుపులో మనిషి బయటివైపు గోడ ఎక్కుతాడు. అందుకే ఆ గోడ ఎత్తుగా ఉంటుంది. వెల్లకిలా పడుకుని, చేతులు ఛాతీ మీద, కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకోమంటారు. లేచి కూర్చుంటే బరువు పైకి వచ్చి దొర్లే ప్రమాదం ఎక్కువ.

అయితే అసలు కిటుకు జారడంలో లేదు, ఆగడంలో ఉంది. 30 కిలోల పిల్లవాడు సెకనుకు 10 మీటర్ల వేగంతో వస్తున్నాడనుకోండి. పది మీటర్ల దూరంలో నెమ్మదిగా ఆగితే ఒంటి మీద పడే బలం సుమారు 15 కిలోల బరువంత. ఒక్క మీటరులో ఆగితే 150 కిలోలంత. బెత్తెడు దూరంలో, అంటే పది సెంటీమీటర్లలో, రాయికి తగిలి ఆగితే? 1500 కిలోలంత! పత్తి తూకంలో చెప్పాలంటే 15 క్వింటాళ్లు. పిల్లవాడూ అతడే, వేగమూ అదే. మారింది ఆగిన దూరం ఒక్కటే. పార్కులో జారుడు చివర నీళ్లున్న పొడవాటి తొట్టి కట్టేది ఇందుకే. గాలి కంటే నీరు దాదాపు 800 రెట్లు చిక్కన. దాన్ని తోసుకుంటూ పోయే మనిషి వేగం మెల్లగా కరిగిపోతుంది.

లెక్క తప్పితే పార్కు కూడా పార్కు కాదు. అమెరికాలోని కాన్సాస్ నగరంలో 2014లో 51 మీటర్ల ఎత్తున ఒక వాటర్ స్లైడ్ తెరిచారు. అప్పటికి లోకంలో అంత ఎత్తైనది లేదు. దాని పేరు వెర్రుక్ట్. జర్మన్ భాషలో పిచ్చిది అని అర్థం, మన వెర్రికి వినడానికి కూడా దగ్గరే. ముగ్గురు కూర్చున్న రబ్బరు తెప్ప కిందికి దూసుకొచ్చి, మళ్లీ ఒక మిట్ట ఎక్కాలి. 2016 ఆగస్టులో ఆ మిట్ట మీద తెప్ప గాలిలోకి లేచింది. పైన వలను పట్టి ఉంచిన ఇనుప కమ్మీకి తగిలి పదేళ్ల బాలుడు చనిపోయాడు. తర్వాత దాన్ని పడగొట్టారు.

ఇప్పుడు మన మత్తడి దగ్గరికి రండి. వాలు ఉంది, నీళ్లున్నాయి, పాచి నున్నగానే ఉంది. కింద ఏముంది? రాతి కట్టడం, లేచిపోయిన బండలు, ఎక్కడైనా బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వ. వాన నీళ్లు ఎర్రగా ఉంటాయి కాబట్టి ఇవేవీ కనబడవు. ఇంకొకటి చాలామందికి తెలియనిది. దూకిన నీరు అడుక్కి పోయి, కొంత దూరంలో పైకి తేలి, పైపైన మళ్లీ గోడవైపే తిరిగి వస్తుంది. తెల్లటి నురగతో సుడి తిరుగుతూ కనబడేది అదే. కొట్టుకొచ్చిన దుంగ అక్కడే గంటల తరబడి దొర్లుతుండటం మీరు చూసే ఉంటారు. దుంగకు పట్టిన గతే మనిషికీ పడుతుంది. పైగా నురగ నీళ్లలో గాలి కలిసి ఉంటుంది కాబట్టి మనిషిని తేల్చే శక్తి తక్కువ. ఈతగాడు కూడా బయటపడలేడు.

ఎవరైనా అందులో చిక్కుకుంటే వెంటనే దూకకండి. అలా దూకినవారూ అందులోనే చిక్కుకుంటారు. గట్టు మీద గట్టిగా నిలబడి తాడు విసరండి, వెదురు గడ అందించండి. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాను తాడుకు కట్టి విసిరితే పట్టుకోవడానికీ తేలడానికీ పనికొస్తుంది. చెరువు గట్టున పశువులు కాసేవాళ్లు వానాకాలం నాలుగు నెలలూ ఒక చేంతాడు, ఒక క్యాను వెంట ఉంచుకుంటే మంచిది. క్యాను మూత బిగుతుగా ఉందో లేదో ముందే నీళ్లలో ముంచి చూసుకోండి.