అల్లుడుండే కొండ

ఉడుకు తాళలేక ఎక్కే కొండలు కొన్ని. చుట్టరికం కొద్దీ ఎక్కే కొండ శ్రీశైలం. ఏటా ఉగాదికి కన్నడ సీమ జనం నల్లమల అడవి దాటి కాలినడకన ఈ కొండకు వస్తారు. వానాకాలంలో వాళ్ళ ఊళ్ళ మీదుగానే కృష్ణమ్మా వస్తుంది. కర్నూలు, కడప నేలకు ఈ రెండు రాకలతోనూ సంబంధం ఉంది.

ఉగాది ఇంకా పది రోజులుందనగానే కర్నూలు నుంచి ఆత్మకూరు పోయే రోడ్డు తీరు మారిపోతుంది. తెల్లవారుజామున నాలుగింటికే గుంపులు గుంపులుగా మనుషులు. భుజాన మూట, నోట మల్లయ్య పేరు. కొందరి కాళ్ళకు చెప్పులుండవు, బొబ్బలు చితికిన చోట గుడ్డపేలికలు చుట్టి ఉంటాయి. విజయపుర, బాగల్‌కోట, బెళగావి, రాయచూరు జిల్లాల నుంచి రోజుల తరబడి నడిచొస్తున్నవాళ్ళు. దోవ పొడుగునా మన ఊళ్ళవాళ్ళు షామియానాలు వేసి చిత్రాన్నం, పుచ్చకాయ ముక్కలు, మజ్జిగ పెడతారు. వాపెక్కిన కాళ్ళకు నూనె రాసేవాళ్ళూ ఉంటారు. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమవుతుంది. మజ్జిగ గ్లాసు చేతికందించడానికి ఆ సగం చాలు.

మార్చి నెలాఖరు కర్నూలు ఎండ సంగతి చెప్పేదేముంది! ఆ ఎండలో ఇంత దూరం నడిచొచ్చేది చల్లదనం కోసమైతే కాదు.

దొర కొండ, మల్లన్న కొండ

వేసవి విడిది అనే అలవాటు మనకు తెల్లదొరల నుంచి వచ్చింది. సిమ్లా, ముస్సోరీ, డార్జిలింగ్ అన్నీ వాళ్ళు ఎండకు జడిసి కట్టుకున్న ఊళ్ళే. రాయలసీమకూ అలాంటిదొకటి దక్కింది. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ, మదనపల్లె దగ్గరి ఏనుగు మల్లమ్మ కొండ మీద బంగళా కట్టించుకున్నాడు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలోదే. ఏనుగులు సాకాయని చెప్పుకునే మల్లమ్మ పేరు మరుగున పడి, కొండకు దొర పేరే ఖాయమైంది. అక్కడ ఎత్తు 1,200 మీటర్ల పైచిలుకు. మే నెలలోనూ రాత్రి దుప్పటి కావాలి.

శ్రీశైలం ఎత్తు అందులో సగం కూడా ఉండదు. ఏప్రిల్ మధ్యాహ్నం గుడి ముందు బండల మీద కాలు పెట్టలేం. శ్రీశైలంలాగే పన్నెండు జ్యోతిర్లింగాల్లో ఒకటైన కేదారనాథ్ 3,500 మీటర్లకు పైన హిమాలయాల్లో ఉంది, మంచుకు ఏటా దాదాపు ఆర్నెల్లు తలుపులు మూసేస్తారు. మల్లన్నకు ఆ సెలవు లేదు. ఎండల్లోనే ఆయనకు చుట్టాల తాకిడి ఎక్కువ.

కొండకు గడప కడపలో

శ్రీశైలానికి నాలుగు ద్వారాలని మన పెద్దల లెక్క. తూర్పున త్రిపురాంతకం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. దక్షిణాన సిద్ధవటం, అంటే కడప జిల్లాలో పెన్న ఒడ్డున ఉన్న ఊరు. అక్కణ్ణుంచి కొండ గాలిలో గీత గీసినా నూటయాభై కిలోమీటర్లకు పైనే. అంత దూరాన గడప పెట్టారంటే కొండను ఎంత పెద్దదిగా ఊహించుకున్నారో చూడండి. ఉపద్వారాలని చెప్పే వాటిలో కడప పక్కనున్న పుష్పగిరి ఒకటి, కర్నూలు వైపు సంగమేశ్వరం ఒకటి. పాత శైవ సాహిత్యంలో శ్రీశైలాన్ని ‘పర్వతం’ అంటే చాలు, ఏ పర్వతమని అడిగే పనిలేదు.

1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా సీమ మీదుగానే ఈ కొండకు వచ్చాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఆయన. తిరుపతి, కడప మీదుగా అహోబిలం చూసుకుని, ఆత్మకూరు వైపు నుంచి అడవి దారిలో శ్రీశైలం ఎక్కాడు. కొండ అప్పట్లో కందనూరు, అంటే కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండేది. యాత్రికులు పన్ను కట్టి దర్శనం చేసుకోవాల్సిందే. ఆయన రాసుకున్న ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది.

ఆ దారి ఇప్పటికీ ఉంది. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం. శివరాత్రికీ ఉగాదికీ నడిచేవాళ్ళు ఈ పేర్లను జపంలా చెప్పుకుంటారు. కొండకు మెట్లు కట్టించినవాడు 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేముడు. అహోబిలానికీ ఆయనే కట్టించాడు. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్ళీ ఎక్కేటప్పుడు మోకాళ్ళు పట్టేస్తాయి. ఆ ఎక్కుడు ముగిసే చోటుకే కైలాసద్వారమని పేరు పెట్టారు. ఎక్కినవాళ్ళెవరూ ఆ పేరు ఎక్కువనుకోరు.

ఇంతమందికి ఒకే అల్లుడు

కన్నడ యాత్రికులకు భ్రమరాంబ తమ ఇంటి ఆడబిడ్డ, మల్లన్న అల్లుడు. ఆడబిడ్డ ఇంటికి వట్టి చేతులతో పోరు కదా, చీర, పసుపు, కుంకుమ పట్టుకొస్తారు. నల్లమల చెంచులదీ అదే మాట. వేటకొచ్చిన శివుడు చెంచుపిల్లను మనువాడాడనీ, అందుకే ఆయన చెంచు మల్లయ్య అనీ చెబుతారు. పక్కనే అహోబిలంలో చెంచులక్ష్మి చేయిపట్టిన నరసింహుడూ వాళ్ళ అల్లుడే. దేవుని కడపలోనైతే ఉగాదినాడు ముస్లింలు వేంకటేశ్వరుని గుడికొస్తారు. బీబీ నాంచారి తమ పిల్ల గనక ఆయన తమకు అల్లుడు. సీమలో దేవుణ్ణి తమవాణ్ణి చేసుకోవాలంటే పిల్లనిచ్చేస్తారు!

శివరాత్రి రాత్రి ఈ చుట్టరికం కళ్ళకు కడుతుంది. పెళ్ళికొడుక్కి తలపాగా చుట్టే వేళ గుడిలో దీపాలన్నీ ఆర్పేస్తారు. చీరాల ప్రాంతపు నేతకారుడు రోజుకో మూర చొప్పున ఏడాది పొడుగునా నేసిన వస్త్రం అది. చీకట్లో అతను దిగంబరంగా విమానం మీదికెక్కి, శిఖరం నుంచి ముఖమండపం మీది నందుల దాకా ఆ పాగాను చుట్టుకుంటూ వస్తాడు. కింద వేలమంది ఊపిరి బిగబట్టి ఉంటారు. దీపాలు వెలిగేసరికి గుడే పెళ్ళికొడుకై కనబడుతుంది. ఆ తర్వాతే కల్యాణం.

కిందికొచ్చే సారె

కొండ కింద కృష్ణ మీద కట్టిన శ్రీశైలం ఆనకట్టకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. నిండు మట్టం 885 అడుగులు. పన్నెండు గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, నంద్యాల నుంచీ ప్రొద్దుటూరు నుంచీ కార్లు ఘాట్‌రోడ్డు పడతాయి. కరువు కాలాల్లో పెరిగిన మనకు అన్ని నీళ్ళు ఒక్కచోట దూకడం చూడ్డమే ఒక యాత్ర.

ఈ జలాశయం ఊరికే రాలేదు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు మునిగాయి. సంగమేశ్వరం గుడి ఏటా నెలల తరబడి నీళ్ళలో ఉండి, వేసవిలో మట్టం దిగాక బయటపడుతుంది. అక్కడి మూలవిరాట్టు వేపకర్ర లింగం. వరద మొదలై నీళ్ళు గర్భగుడిలోకి వస్తుంటే పూజారి ఆఖరి హారతిచ్చి బయటికొస్తాడు. 2009 అక్టోబరులో నీటి మట్టం 896 అడుగులు దాటింది, ఎగువన కర్నూలు నగరమే మునిగింది.

అయినా సీమ గొంతు తడిపేది ఈ నీళ్ళే. పోతిరెడ్డిపాడు దగ్గర కాలువలోకి మళ్ళి, బానకచెర్లలో పాయలై, తెలుగుగంగగా వెలుగోడుకూ, కడప జిల్లాలోని బ్రహ్మంసాగర్‌కూ, ఆపైన చెన్నైకీ పోతాయి.

ఇప్పుడు మల్లన్న కొండ పులుల అభయారణ్యం నడుమ ఉంది. రాత్రి తొమ్మిదయితే అడవి గేట్లు పడిపోతాయి, తెల్లారేదాకా రోడ్డు జంతువులది. మనం మాత్రం పొద్దున పోయి, దర్శనం చేసుకుని, డ్యాం ముందు ఫొటో దిగి, సందేళకల్లా దోర్నాల దాటేస్తున్నాం. శిఖరం దగ్గర నంది కింద నువ్వులు వేసి తిప్పి, కొమ్ముల సందున కనిపించే గుడి శిఖరాన్ని వెతకడానికి ఒక్క నిమిషం నిలబడం. దోవలో సాక్షి గణపతి కలం పట్టుకుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటాడని నమ్మకం. కిటికీలోంచి విసిరిన ప్లాస్టిక్ సీసా కూడా ఆయన లెక్కలోకి వస్తుందేమో! అల్లుడింటి వాకిట్లో చెత్త పోసే వియ్యంకుణ్ణి ఎక్కడా చూడలేదు.

ఉగాది అయిపోగానే కన్నడ యాత్రికులు బస్సులెక్కి వెళ్ళిపోతారు. షామియానాలు విప్పేస్తారు. నాలుగైదు నెలలకు, వాళ్ళ విజయపుర, బాగల్‌కోట మధ్యనే ఉన్న ఆల్మట్టి గేట్లు ఎత్తారని పేపర్లో వార్త వస్తుంది. మార్చిలో వాళ్ళకు మజ్జిగ పోసిన ఆత్మకూరు దారి రైతు ఆ వార్త చదివి, కాలువ గట్టు మీదికి పోయి నిలబడతాడు.