డ్రాయింగుల చుట్టరికం

సూళ్లూరుపేటలో శ్రీహరికోట రోడ్డెక్కితే కాసేపటికి రెండు పక్కలా పులికాట్ సరస్సే. సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ పొడుగ్గా సాగిన ఇసుక దీవి శ్రీహరికోట నుంచి 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్టు ఎగిరింది. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక దీవి తిరుపతి జిల్లాలో చేరింది. నెల్లూరు తీరంలో పెరిగిన మాకు మాత్రం అక్కడి రాకెట్ కేంద్రం షార్ ఇప్పటికీ మన షారే.

అక్కడ నిలబెట్టే పీఎస్‌ఎల్‌వీ రాకెట్టు ఎత్తు 44 మీటర్లు. మొదటి దశలో దాదాపు 139 టన్నుల ఘన ఇంధనం పడుతుంది. 2.8 మీటర్ల వ్యాసమున్న ఐదు ఖండాలలో దాన్ని పోతపోసి, ఒకదానిమీద ఒకటి నిలిపి బిగిస్తారు. ఆ పోత పని శ్రీహరికోటలోనే. రెండో దశ వికాస్ ఇంజన్‌ను తమిళనాడులోని మహేంద్రగిరిలో మండించి పరీక్షిస్తారు. రాకెట్టు రూపకల్పన తిరువనంతపురంలో, ఉపగ్రహాలు ఎక్కువగా బెంగళూరులో. ఇన్ని ఊళ్ల సామాను ఒకచోట చేరినప్పుడు, ఒకరు వేసిన బోల్టు రంధ్రానికి సరిగ్గా ఎదురుగా మరొకరు వేసిన రంధ్రం రావాలి. అంతకుముందే వాళ్ల డ్రాయింగులు కలిసి ఉండాలి. రాకెట్టు నింగికెగరడం కన్నా నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచేది ఈ కలయికే.

కాగితం రోజుల్లో ట్రేసింగ్ షీటు నుంచి బ్లూప్రింట్లు తీసి పంచేవారు. కొలత మారితే మూలనున్న రివిజన్ అక్షరం మార్చి, పాత ప్రతులన్నీ వెనక్కి తెప్పించుకోవాలి. ఏ షెడ్డులోనో ఒక్కటి మిగిలిపోతే పాత కొలతతోనే పార్టు తయారయ్యేది.

1963లో అమెరికాలోని ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము చేశారు. లైట్ పెన్నుతో తెరమీద గీతలు గీయడం గురించే అందరూ చెప్పుకుంటారు. అందులో అంతకన్నా పెద్ద ఊహ ఒకటుంది. ఒక మూల బొమ్మ గీసి, దాని ప్రతిరూపాలను ఎన్నిచోట్లయినా పెట్టుకోవచ్చు. మూలాన్ని సవరిస్తే ప్రతిరూపాలన్నీ వాటంతటవే మారతాయి. డ్రాయింగుల మధ్య చుట్టరికం అక్కడ మొదలైంది.

కంప్యూటరులో డ్రాయింగులు వేసే నేటి క్యాడ్ ప్రోగ్రాముల్లో, పార్టులన్నిటినీ కలిపి చూపే అసెంబ్లీ ఫైలు ఆ ఊహకు వారసురాలు. పార్టుల అసలు ఆకారాలు వాటి వాటి ఫైళ్లలోనే ఉంటాయి. అసెంబ్లీలో ఉండేది ప్రధానంగా ఏ పార్టు, అది ఏ ఫోల్డరులో ఉంది, ఏ చోట ఎటు తిరిగి కూర్చుంది అన్న వివరం. పెళ్లి పిలుపుల జాబితా లాంటిదన్నమాట. చుట్టం ఇల్లు మారాడంటే ఆ చిరునామాకు వెళ్లిన కార్డు వృథా.

ఫైళ్లు వేలకు చేరాక, 1980లలో, డేటా మేనేజ్‌మెంట్ వ్యవస్థలు వచ్చాయి. వాటిలోని భాండాగారం నుంచి ఒక ఫైలును మార్చడానికి ఒకసారి ఒక్కరే తీసుకోగలరు. తిరిగి పెట్టినప్పుడు కొత్త రివిజన్ పుడుతుంది, పాతది చెరిగిపోదు.

చిక్కంతా పాత ఫోల్డర్లను అందులోకి ఎక్కించేటప్పుడే. మామూలుగా కాపీ చేస్తే ఫైళ్లు వస్తాయి, చుట్టరికాలు రావు. అసెంబ్లీ ఇంకా పాత డ్రైవు వైపే చూస్తుంటుంది. అందుకే ఎవరిమీదా ఆధారపడని పార్టులు ముందు ఎక్కాలి. తర్వాత చిన్న అసెంబ్లీలు, వాటిమీద పెద్దవి, చివర్న వాటిని చూపే డ్రాయింగు షీట్లు. ఒక మెట్టు ఎక్కిస్తున్నప్పుడే అందులోని పాత చిరునామాల స్థానంలో భాండాగారం చిరునామాలు రాయించాలి. రెండు ఫోల్డర్లలో ‘బ్రాకెట్-1’ పేరుతో రెండు వేర్వేరు పార్టులుంటే, ఎక్కించకముందే వాటికి వేర్వేరు నంబర్లివ్వాలి. ఆ పేర్లను కూడా క్యాడ్ ప్రోగ్రాము ద్వారానే మార్చాలి. ఫోల్డరు తెరిచి నేరుగా మార్చేస్తే పిల్ల పేరు మారిందని తల్లికి తెలియదు.

నేను ఒకప్పుడు ఒక పంపుహౌసు డ్రాయింగులు ఎక్కించాను. తెరమీద అసెంబ్లీ చక్కగా తెరుచుకుంది. ఒక్క హెచ్చరికా లేదు. అయితే అందులో కనిపిస్తున్న బేరింగు భాండాగారంలోది కాదు, పాత ఫోల్డరులో మిగిలిన పాత బేరింగు. ఫైలు దొరకలేదని ప్రోగ్రాము ఆగిపోతే మంచిదే, తప్పు అప్పుడే బయటపడుతుంది. అదే పేరున్న మరో ఫైలు దొరికి ఊరుకుందంటేనే భయపడాలి. అప్పటినుంచి ఎక్కించడం అయ్యాక పాత ఫోల్డరు పేరు మార్చేసి, పై అసెంబ్లీని మళ్లీ తెరుస్తాను. పాత ఫోల్డరు లేకుండా అన్నీ వచ్చి కూర్చుంటేనే పని అయినట్టు.

చుట్టరికం తెగితే ఎంత నష్టమో ఎయిర్‌బస్ ఏ380 చూపింది. ఒక్కో విమానంలో 500 కిలోమీటర్లకు పైగా వైర్లు. జర్మనీలోని హాంబర్గ్ ఇంజనీర్లు క్యాటియా అనే క్యాడ్ ప్రోగ్రాము నాలుగో వెర్షన్‌లో, ఫ్రాన్స్‌లోని తులూజ్ వాళ్లు ఐదో వెర్షన్‌లో పనిచేశారు. ఒకచోట జరిగిన మార్పు రెండోచోటికి సరిగా చేరలేదు. తులూజ్‌లో బిగించబోతే కొన్ని వైర్ల కట్టలు పొడవు చాలలేదు. 2006లో బయటపడిన ఈ ఇబ్బంది విమానాల అప్పగింతను దాదాపు రెండేళ్లు వెనక్కి నెట్టింది.

మళ్లీ శ్రీహరికోటకు వస్తే, అక్కడి రెండో ప్రయోగ వేదిక నుంచి తొలి ప్రయోగంగా 2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ-సి6 ఎగిరింది. అక్కడ రాకెట్టును ఒక భవనంలో కూర్చి, నిలబెట్టినది నిలబెట్టినట్టే పట్టాల మీద కిలోమీటరు దూరం నడిపిస్తారు. వేదిక దగ్గర అది ఆగినచోట పక్కనున్న టవరు నుంచి వచ్చే గొట్టాలూ కేబుళ్లూ దాని ఒంటిమీది కనెక్టర్లకు అందాలి. టవరు డ్రాయింగు ఒకరిది, రాకెట్టు డ్రాయింగు మరొకరిది.